రేపటి వింతజీవి ఎవరు?

మీలో వైకుంఠపాళి ఆడనివారు బహుశా ఎవరూ ఉండరు. గవ్వలు వేస్తాం. పడిన పందెం ప్రకారం కాయ జరుపుతాం. నిచ్చెన దొరికితే పైకి పోతాం, పాము నోట పడితే జర్రున కిందికి జారతాం. ఆ పాములు ఏ గడిలో ఉన్నాయో ఆట మొదలుపెట్టక ముందే మనకు తెలుసు. ఎన్నిసార్లు ఆడినా పాత పాము గడి మారదు, కొత్త పాము పుట్టదు.

ఇప్పుడు మరో రకం ఆటను ఊహించండి. నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు కథకుడు. "మీరు కొండగుహలోకి దిగారు. కటిక చీకటి. దూరాన నీళ్ళలో ఏదో కదిలిన చప్పుడైంది. ఇప్పుడేం చేస్తారు?" అంటాడతను. మిగిలినవారంతా ఆ కథలో పాత్రలు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు తాళాలు విప్పడంలో మొనగాడు. "నేను దివిటీ వెలిగిస్తాను" అంటాడు వీరుడు. "వద్దు, వెలుగు చూస్తే అది మన మీదికి వస్తుంది" అంటుంది మంత్రగత్తె. కాసేపు వాదించుకుని, ఏదో ఒకటి తేల్చుకుని, పాచిక వేస్తారు. పాచిక పడినదాన్ని బట్టి కథ ముందుకు సాగుతుంది.

ఇలాంటి ఆట నిజంగానే ఉంది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. నేలమాళిగలు, డ్రాగన్లు అని అర్థం. 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే ఊరి నుంచి ఇది వెలువడింది. జెనీవా అనగానే స్విట్జర్లాండు అనుకునేరు! ఇది విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిన్న ఊరు. ఆటను రూపొందించినవారు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు మాత్రమే.

ఈ ఆటలో కొత్త పాములు పుడుతూనే ఉంటాయి. గుహలో ఎదురయ్యే వింతజీవుల కోసం ప్రత్యేకంగా పుస్తకాలే వేస్తారు. 1977లో వచ్చిన 'మాన్‌స్టర్ మాన్యువల్'లో 350కి పైగా వింతజీవులున్నాయి. 1981లో 'ఫీండ్ ఫోలియో' వచ్చింది, 1983లో 'మాన్‌స్టర్ మాన్యువల్' రెండో భాగం వచ్చింది. అలా వస్తూ వస్తూ, 2025లో వెలువడిన 'మాన్‌స్టర్ మాన్యువల్' ఒక్కదానిలోనే లెక్క 500 దాటింది. వీటికి తోడు సాహసకథల పుస్తకాలు వేరే ఉన్నాయి.

ఈ ఆట ఆడేవారికి ఒక సరదా ఉంది. తరవాతి పుస్తకంలో ఏ వింతజీవి వస్తుంది, ఏ సాహసకథ వస్తుంది అని ముందుగానే ఊహించడం. కొందరి ఊహలు ఫలిస్తాయి, చాలామందివి ఫలించవు.

విజ్ఞాన పత్రికలో ఈ గొడవ మనకెందుకు అంటారా? ఊహించడం శాస్త్రజ్ఞుల పని కూడా కనుక. కాకపోతే వారి ఊహ చీకట్లో బాణం వేసినట్లు ఉండదు. ముందు గతాన్ని పరిశీలిస్తారు, అందులో క్రమాన్ని వెతుకుతారు, తరవాత నోరు విప్పుతారు. మనమూ అలాగే చేసి చూద్దాం. రేపటి వింతజీవిని శాస్త్రీయంగా పట్టుకోగలమా?

పాచిక నేర్పే పాఠం

ముందుగా ఈ ఆటలోని పాచికల సంగతి చూద్దాం. మనకు తెలిసిన పాచికకు ఆరు ముఖాలు. ఈ ఆటలో 4, 6, 8, 12, 20 ముఖాల పాచికలున్నాయి. అన్ని ముఖాలూ ఒకే రకం సమబహుభుజులై, ప్రతి మూల దగ్గరా ఒకే సంఖ్యలో కలిసే కుంభాకార ఘనరూపాలు ఈ అయిదే. ఆరోది ఉండడానికి వీల్లేదని ప్రాచీన గ్రీకు గణితజ్ఞులు నిరూపించారు. ఆటలో పది ముఖాల పాచిక కూడా వాడతారు గాని, అది ఈ కుటుంబంలోది కాదు.

20 ముఖాల పాచికను వేశాం. ఏ అంకె పడుతుంది? చెప్పలేం. ప్రతి అంకెకూ నూటికి 5 పాళ్ళు అవకాశం ఉంది, అంతే. కాని అదే పాచికను వెయ్యిసార్లు వేస్తే? 20 అనే అంకె దాదాపు 50 సార్లు పడుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. నలభై ఎనిమిది కావచ్చు, యాభై ఆరు కావచ్చు. అయిదు వందలు మాత్రం కాదు.

చూశారా తమాషా! ఒక్క పందేన్ని చెప్పలేని మనం, వెయ్యి పందేల తీరు చెప్పగలుగుతున్నాం. వింతజీవుల విషయంలోనూ ఇంతే. వచ్చే పుస్తకంలో ఫలానా పేరు గల ఫలానా జీవి ఉంటుందని చెప్పడం ఒక్క పందేన్ని చెప్పడం లాంటిది. ఏ రకం జీవులు వస్తాయో చెప్పడం వెయ్యి పందేల తీరు చెప్పడం లాంటిది. మన ప్రయత్నం రెండోదే.

వింతజీవులు ఎక్కడ పుడతాయి?

1977 నాటి పుస్తకాన్ని తిరగేస్తే, వింతజీవులు ముఖ్యంగా మూడు బావుల నుంచి తోడినవని తెలుస్తుంది.

మొదటి బావి పాత కథలు. గ్రీసు నుంచి ఎద్దు తల మినోటార్, అనేక తలల హైడ్రా వచ్చాయి. అరబ్బు కథల నుంచి జిన్నులు వచ్చాయి. మన దేశం నుంచి నాగులు, రాక్షసులు వెళ్ళారు. రాక్షసుల సంగతి చివర్లో మళ్ళీ మాట్లాడుకుందాం. అందులో ఒక తిరకాసు ఉంది.

రెండో బావి ప్రకృతి. పెద్ద సాలీళ్ళు, పెద్ద చీమలు, డైనోసార్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. అన్నిటికంటె ముచ్చటైనది 'జెలాటినస్ క్యూబ్', అంటే జిగురు ఘనం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పారదర్శకమైన జిగురు ముద్ద. అడ్డొచ్చినదాన్నల్లా అమీబా లాగా తనలో కలుపుకుని జీర్ణం చేసుకుంటుంది. సరిగ్గా పది అడుగులే ఎందుకు? ఆటలో నేలమాళిగల పటాన్ని గళ్ళ కాగితం మీద గీసేవారు. ఒక్కో గడి పది అడుగులకు గుర్తు. నడవాలు ఒక గడి వెడల్పున ఉండేవి. ఆ నడవాలో ఇటూ అటూ సందు లేకుండా పట్టే జీవి ఇది! మడ్డినీళ్ళలో బురదచేప, ఎడారిలో ఒంటె ఎలాగో, పది అడుగుల నడవాలో జిగురు ఘనం అలాగ. పరిసరాలకు తగిన జీవిని ఊహించారన్నమాట.

దాని బరువెంతో లెక్క కట్టండి. 10 × 10 × 10 అంటే 1000 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు నీటి బరువు సుమారు 28.3 కిలోలు. జిగురును నీరంత సాంద్రత గలదిగా తీసుకుంటే మొత్తం 28 టన్నులకు పైమాటే. నాలుగైదు పెద్ద ఏనుగులంత!

మూడో బావి మీరు ఊహించలేనిది. ప్లాస్టిక్ బొమ్మలు! హాంకాంగ్‌లో తయారై, సంచిలో వేసి చవగ్గా అమ్మే కొన్ని వింత బొమ్మలు గైగాక్స్‌కు దొరికాయి. అవి ఏ జంతువులో ఎవరికీ తెలియదు. బల్ల మీద నిలబెట్టి ఆడుకునేందుకు ఆయన వాటికి కథలు కల్పించాడు. అలా పుట్టినవే గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్ళు గల 'అవుల్‌బేర్', మీసాలతో తాకి ఇనుమును తుప్పు పట్టించే 'రస్ట్ మాన్‌స్టర్'. ఈ రెండూ 1975లో అచ్చులోకి వచ్చాయి. నేల కింద ఈదుతున్నట్లు దూసుకువచ్చే 'బ్యులెట్' 1976లో వచ్చింది. అదీ ఆ సంచిలోదే.

తుప్పు జంతువు వట్టి కల్పనేనా? పూర్తిగా కాదు. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిస్తే తుప్పు పుడుతుందని మీరు పాఠాల్లో చదివారు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ మీద వేలాడే తుప్పు ముద్దల నుంచి శాస్త్రజ్ఞులు ఒక కొత్త బాక్టీరియాను వేరుచేశారు. 2010లో దానికి 'హాలోమోనాస్ టైటానికే' అని పేరు పెట్టారు. ఓడ తుప్పు పట్టడంలో ఇలాంటి సూక్ష్మజీవుల చెయ్యి కూడా ఉంది. మీసాలు లేవు గాని, పని మాత్రం అదే!

అతికిస్తే సరిపోతుందా?

గుడ్లగూబ తల, ఎలుగు ఒళ్ళు. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మన గుడి స్తంభాల మీద సింహం ఒంటికి ఏనుగు తొండం తగిలించిన యాళిని చూసే ఉంటారు. మకరమూ ఇలా అతికిన రూపమే. అయితే రేపటి వింతజీవిని పట్టుకోవడం తేలికే కదా, జంతువుల జాబితా రాసి జతలు కడితే సరి అంటారేమో!

సరే, కట్టి చూద్దాం. 20 జంతువులు తీసుకోండి. తలకు 20 రకాలు, ఒంటికి మిగిలిన 19 రకాలు. మొత్తం 20 × 19 = 380 వింతజీవులు. 1977 నాటి పుస్తకమంతటినీ ఈ ఒక్క లెక్కతో నింపేయవచ్చు! కాని బాతు తల గల మేక, మేక తల గల కప్ప ఎవరికి కావాలి? అవుల్‌బేర్ యాభై ఏళ్ళు బతికిందంటే, ఆ రెండూ రాత్రిపూట అడవిలో మనిషిని భయపెట్టేవి కనుక. సాధ్యమైనవన్నీ రాయడం ఊహించడం కాదు. వాటిలో ఏది నిలుస్తుందో, ఎందుకు నిలుస్తుందో చెప్పడమే ఊహించడం.

ఖాళీ గడి రహస్యం

అలా చెప్పి గెలిచినవారిలో మొనగాడు రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు మెండలీఫ్. 1869లో ఆయన అప్పటికి తెలిసిన మూలకాలను పట్టికగా పేర్చాడు. కొన్ని చోట్ల సరిపోయే మూలకం లేదు. ఆయన గడిని ఖాళీగా వదిలాడు. అంతటితో ఊరుకోలేదు. అల్యూమినియం కింది గడిలో ఉండవలసిన మూలకం సాంద్రత సుమారు 5.9 ఉంటుందని 1871లో ప్రకటించాడు. 1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ అనే శాస్త్రజ్ఞుడు గాలియం అనే లోహాన్ని కనుక్కున్నాడు. అది ఆ గడిలోదే. కాని ఆయన కొలిస్తే సాంద్రత 4.7 వచ్చింది. మెండలీఫ్ ఏం చేశాడో తెలుసా? మళ్ళీ శుద్ధి చేసి కొలవమన్నాడు! ఆ లోహాన్ని కంటితో చూడనివాడు, చేత్తో పట్టుకున్నవాడికి చెబుతున్నాడు! బ్వాబోద్రాన్ మళ్ళీ శుద్ధి చేసి కొలిచాడు. 5.9 వచ్చింది.

(గాలియం 29.8 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన రామగుండం, రెంటచింతల ఎండల్లో బల్ల మీద పెడితే చాలు, నీరైపోతుంది.)

ఇప్పుడు డ్రాగన్ల పట్టిక చూడండి. 1977 నాటి పుస్తకంలో రంగుల డ్రాగన్లు అయిదు: తెల్లది, నల్లది, పచ్చది, నీలిది, ఎర్రది. ఇవన్నీ చెడ్డవి. లోహాల డ్రాగన్లు అయిదు: ఇత్తడి, రాగి, కంచు, వెండి, బంగారం. ఇవన్నీ మంచివి. తెల్లది చలిని ఊదుతుంది, ఎర్రది నిప్పును, నల్లది ఆమ్లాన్ని, నీలిది మెరుపును. పచ్చది ఊదేది క్లోరిన్ వాయువును. క్లోరిన్ నిజంగానే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు వాయువు, గాలికంటె బరువైనది, విషం. ఎవరో రసాయన శాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకునే రాశారు!

పట్టికలో ఖాళీ గడి ఎక్కడుంది? చెడ్డవాటికి, మంచివాటికి నడుమ. అటూ ఇటూ కాని డ్రాగన్లు లేవు. సరిగ్గా ఆ గడినే 1980లో 'డ్రాగన్' అనే ఆ ఆట పత్రికలో వచ్చిన ఒక వ్యాసం నింపింది. రంగులు అయిపోయాయి, లోహాలు అయిపోయాయి. మిగిలినవి రత్నాలు! నీలం, పచ్చ, పుష్యరాగం లాంటి పేర్లతో రత్నాల డ్రాగన్లు వచ్చాయి. 2021లో వచ్చిన డ్రాగన్ల పుస్తకంలోనూ అవి ఉన్నాయి.

కనుక మన మొదటి సూత్రం: పట్టిక గీయండి, ఖాళీ గడి వెతకండి. చలికీ వేడికీ, నేలకూ నీటికీ, పగటికీ రాత్రికీ గడులు గీసి, ఏ గడి ఖాళీగా ఉందో చూడండి. రేపటి జీవి అక్కడ పొంచి ఉండవచ్చు.

పద్దెనిమిది అడుగుల మనిషి నిలబడగలడా?

ఖాళీ గడి ఉన్నంత మాత్రాన ప్రకృతి దాన్ని నింపనివ్వదు. ఆటలో మేఘరాక్షసుడనే జీవి ఉన్నాడు. 1977 లెక్క ప్రకారం ఎత్తు 18 అడుగులు. ఆరడుగుల మనిషికి మూడింతలు. ఆకారం మనిషిదే.

ఎనిమిది చిన్న పాచికలు తీసుకుని, రెండేసి చొప్పున పేర్చి ఒక పెద్ద ఘనం చేయండి. భుజం రెండింతలైంది. ముఖం వైశాల్యం నాలుగింతలైంది. ఘనపరిమాణం, దానితో బరువు, ఎనిమిదింతలైంది. బరువు పెరిగినంత వేగంగా వైశాల్యం పెరగదు. ఈ సంగతిని గెలీలియో 1638లోనే తన పుస్తకంలో వివరించాడు.

మన రాక్షసుడికి ఎత్తు మూడింతలు. ఎముకల అడ్డుకోత వైశాల్యం తొమ్మిదింతలు. బరువు ఇరవై ఏడింతలు. మనిషి బరువు 70 కిలోలైతే ఇతనిది 1890 కిలోలు. తొమ్మిదింతల ఎముక మీద ఇరవై ఏడింతల బరువు, అంటే ఎముకలోని ప్రతి చదరపు సెంటీమీటరూ మనకంటె మూడింతలు మొయ్యాలి. నిలబడితే నిలబడతాడేమో గాని, గెంతితే కాలు విరిగే ప్రమాదం ఉంది. 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ ఈ విషయం మీద చక్కని వ్యాసం రాశాడు. ఆయన తరవాతి రోజుల్లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రజ్ఞుడే.

అందుకే ఏనుగు కాళ్ళు స్తంభాల్లా ఉంటాయి. అందుకే 30 మీటర్ల నీలి తిమింగలం సముద్రంలోనే ఉంటుంది. అక్కడ దాని బరువును నీరు మోస్తుంది. మన రెండో సూత్రం: ప్రకృతి నియమాలను గౌరవించే రచయిత తన మహాకాయాలను నీళ్ళలో ఉంచుతాడు.

అయితే ఇక్కడొక చిక్కుంది. ఆటలో మంత్రాలున్నాయి. "అతని ఎముకలకు మంత్రబలం ఉంది" అని ఒక్క మాట రాస్తే గెలీలియో కూడా చేతులు కట్టుకోవలసిందే! గాలియం సాంద్రత రచయిత ఇష్టాన్ని బట్టి మారదు. వింతజీవి బరువు మారుతుంది. కనుక మన ఊహలు ప్రకృతి మీద కంటె రచయితల అలవాట్ల మీదే ఎక్కువ ఆధారపడాలి.

పాత కథలు తిరిగి వస్తాయా?

అలవాట్లంటే సాహసకథల సంగతి చూద్దాం. 1978లో రాక్షసుల మీద యుద్ధం గురించిన మూడు కథలు వచ్చాయి. అవి 2017లో కొత్త పుస్తకంలో మళ్ళీ అచ్చయ్యాయి. 1980లో కొండ లోపల కూలిపోయి ఉన్న అంతరిక్ష నౌక కథ వచ్చింది. అది 2024లో తిరిగి వచ్చింది. 1983లో 'రేవెన్‌లాఫ్ట్' అనే రక్తపిశాచి కోట కథ వచ్చింది. దాన్ని పెంచి రాసిన పుస్తకం 2016లో వచ్చింది. తేడాలు లెక్క కట్టండి: 39 ఏళ్ళు, 44 ఏళ్ళు, 33 ఏళ్ళు. ఆనాడు ఆడుకున్న పిల్లలు పెద్దవారై, ఇప్పుడు కొనేవారు, రాసేవారు అయ్యారు. ఇదొక కారణం కావచ్చు.

"అయితే 1980ల నాటి కథలన్నీ తిరిగి వస్తాయి" అనేద్దామా? ఆగండి! మీరు నన్నొక ప్రశ్న వెయ్యాలి. "తిరిగి వచ్చినవాటినే ఏరి చెప్పారు, రానివాటి లెక్క ఏది?" అని. నిజమే. ఏరిన ఉదాహరణలతో దేన్నయినా రుజువు చేసినట్లు కనిపించవచ్చు. జాతకం ఫలించిన రోజును గుర్తుంచుకుని, ఫలించని రోజులను మరిచిపోయేవారు చేసే పొరపాటు ఇదే. 2022లో వచ్చిన 'రేడియంట్ సిటడెల్' సాహసాల పుస్తకంలో 13 కథలున్నాయి. అన్నీ కొత్తవే. కనుక మన ఊహను తగ్గించి చెప్పాలి: రాబోయే కథల్లో కొన్ని పాతవి తిరిగి వస్తాయి, అన్నీ కాదు.

మన రాక్షసుడికి పులి తల ఎలా వచ్చింది?

ఇక తిరకాసు. 1977 పుస్తకంలో 'రాక్షస' పేరుతో ఉన్న బొమ్మ చూస్తే మీరు తెల్లబోతారు. పులి తల, మంచి దుస్తులు, చేతిలో పొగ గొట్టం! రామాయణ భారతాల్లో రాక్షసజాతి అంతటికీ పులి తల ఎక్కడుంది? గైగాక్స్‌కు ఈ జీవి మన పురాణాల నుంచి నేరుగా చేరలేదు. 1974లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ఒక భయానక ధారావాహికలోని రాక్షసుడి కథ నుంచి చేరింది. తరవాతి పుస్తకాల్లోనూ పులి పోలికే ఎక్కువగా కొనసాగింది.

పైగా ఆటలో రాక్షసులందరూ చెడ్డవారే. మనకు విభీషణుడున్నాడు. భీముణ్ణి పెళ్ళాడిన హిడింబి ఉంది. వారి కొడుకు ఘటోత్కచుడున్నాడు. 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి ముచ్చటపడని తెలుగువారెవరు? మన కథల్లో రాక్షసుడు పుట్టుకతోనే శత్రువు కాదు.

ఆట కూడా మెల్లగా ఇటే నడుస్తోంది. మొదట్లో ఆర్క్ అనే జాతి అంటే చంపవలసిన శత్రువులే. 2024లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో ఆర్క్ పాత్రను మీరే ధరించవచ్చు. 2022 నాటి 13 కథల్లో ఒకటి మన దేశాన్ని పోలిన నదుల నాడులో జరుగుతుంది. ఇది మూడో సూత్రం: ఎవరి కథలు వారు రాయడం మొదలుపెట్టాక, దూరం నుంచి చూసి గీసిన బొమ్మలు మారతాయి.

సముద్రం వేసిన పందెం

చివరగా ఒక్క సంగతి. 'మాన్‌స్టర్ మాన్యువల్' వచ్చింది 1977 చివరలో. అదే సంవత్సరం మొదట్లో, పసిఫిక్ సముద్రంలో గాలపగోస్ దీవుల దగ్గర, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో శాస్త్రజ్ఞులు సుమారు 2500 మీటర్ల లోతుకు దిగారు. అడుగున వేడినీటి ఊటలు ఉండవచ్చని ముందే ఊహించారు. ఆ ఊహ ఫలించింది. కాని వారు ఊహించనిది మరొకటి అక్కడ ఉంది. సూర్యకాంతి చొరని ఆ చీకట్లో ప్రాణులు గుంపులు గుంపులుగా ఉన్నాయి! ఎర్రని కుచ్చులతో, రెండు మీటర్ల దాకా పెరిగే గొట్టపు పురుగులు కూడా ఉన్నాయి. వాటికి నోరు లేదు, పేగు లేదు. వాటి ఒంట్లో కాపురముండే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసి ఆహారం తయారుచేస్తుంది. అక్కడ ఎండ మీద ఆధారపడని వంటిల్లు ఉంది!

మనిషి ఊహకు అందిన 350 పైచిలుకు వింతజీవుల్లో ఈ నోరులేని పురుగు లేదు. అదే ఏడు ప్రకృతి దాన్ని మన ముందు పెట్టింది. భూతాలవాళ్ళ బావులు మూడూ ఎండిపోయినా, రెండో బావి మాత్రం ఎండదు. అందుకే నేను పందెం కాయవలసి వస్తే దాని మీదే కాస్తాను.

ఇప్పుడు మీ వంతు

ఒక కాగితం తీసుకుని ఈ ఊహలు రాయండి, మీవి కూడా చేర్చండి.

ఒకటి: తరవాతి పెద్ద వింతజీవుల పుస్తకంలో అవుల్‌బేర్ ఉంటుంది. (తేలిక ఊహ. ఫలించినా గొప్ప లేదు.)

రెండు: 1990కి ముందు వచ్చిన ఒక సాహసకథ అయినా మళ్ళీ అచ్చవుతుంది.

మూడు: లోతు సముద్రంలోని నిజమైన ప్రాణిని పోలిన కొత్త జీవి ఒకటయినా వస్తుంది.

నాలుగు: పులి తల లేని, మంచివాడయిన రాక్షసుడు ఒకడు వస్తాడు. (ఇది సాహసం. ఫలిస్తే పండగే!)

"ఏదో ఒక భయంకరమైన జీవి వస్తుంది" అని మాత్రం రాయకండి. ఎప్పటికీ తప్పు కాలేని ఊహ ఊహే కాదు. మెండలీఫ్ 5.9 అన్నాడు. 4.7 నిజమై ఉంటే ఆయన నలుగురిలో తలదించుకోవలసి వచ్చేది. ఆ ధైర్యం వల్లే ఆ అంకెకు విలువ వచ్చింది.

కాగితం మీద తేదీ వేసి, కవరులో పెట్టి అంటించి, స్నేహితుడి దగ్గర దాచండి. పుస్తకం వచ్చిన రోజున ఇద్దరూ కలిసి విప్పండి. తప్పిన వాటిని ఎర్ర సిరాతో మీరే కొట్టెయ్యండి. "నా ఉద్దేశం అది కాదు" అని సర్దుకోకండి. ఎందుకు తప్పిందో పక్కన రాయండి. ఆ పక్కన రాసినదే మీరు నేర్చుకున్నది.

నాలుగో ఊహ సంగతి? దానికోసం ఎవరి పుస్తకం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాల పుస్తకాన్ని, మూలం పేరు చెబితే చాలు, అందరూ వాడుకునేలా విడుదల చేశారు. ఆ నియమాలతో మీ జీవుల్ని మీరే సృష్టించవచ్చు. ఘటోత్కచుడు మీ ఇంట్లో కథగా ఉన్నాడు, గళ్ళ కాగితం మీ సంచిలో ఉంది. ఆ ఖాళీ గడిని మీరే ఎందుకు నింపకూడదు?